ఎండెక్కితే పట్టేసే బ్రేకు: మా షాపులో ఒక కేసు

బండి: అల్యూమినియం హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేని మౌంటెన్ సైకిల్), 29 అంగుళాల చక్రాలు, ముందు 100 మిల్లీమీటర్లు కుంగే ఫోర్కు. ముందూ వెనకా షిమానో ఎంటీ200 హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో పనిచేసే) బ్రేకులు, 160 మిల్లీమీటర్ల డిస్కులు. కొని మూడేళ్ళయింది. తొక్కేది ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మాస్టారు. వయసు 52, బరువు 84 కిలోలు. వారంలో నాలుగు రోజులు కరకట్ట మీద, ఆదివారం మాత్రం మా బ్యాచ్‌తో కొండపల్లి.

కంప్లయింటు: వెనక బ్రేకు. ఫిబ్రవరి నుంచి మే దాకా మూడుసార్లు షాపుకొచ్చింది. మొదటి రెండుసార్లూ నేనే తప్పుగా చూశాను. అది ముందే చెప్పేస్తే మిగతాది రాయడం తేలిక.

మా షాపు పటమట వైపు ఒక సందులో ఉంది. అరకిలోమీటరు అటు వెళ్తే ఆటోనగర్ హడావుడి మొదలవుతుంది. లారీ ఇంజన్ల దగ్గర్నుంచి స్కూటీల దాకా అక్కడ బాగు కానిది లేదు. అలాంటి చోట సైకిల్‌కి ఆయిల్ బ్రేకులు ఉంటాయంటే ఇప్పటికీ కొంతమంది నవ్వుతారు. ఈ కేసులో ఆ నవ్వుకీ ఒక పాత్ర ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మొదటి రెండు రాకలు

ఫిబ్రవరి ఆఖర్లో వచ్చినప్పుడు మాస్టారు చెప్పినవి రెండు. బ్రేకు కీచుమంటోంది, లివర్ (చేత్తో నొక్కే మీట) వదిలితే బద్ధకంగా వెనక్కొస్తోంది. చక్రం తీసి చూస్తే డిస్కును పట్టే ప్యాడ్లు అద్దంలా నున్నగా మెరుస్తున్నాయి. ఇబ్రహీంపట్నం దాటే దారిలో థర్మల్ స్టేషన్ బూడిద లారీలు తిరుగుతాయి. ఆ బూడిద, ఘాట్ దుమ్ము కలిసి ప్యాడ్ల మీద కూర్చున్నాయనుకున్నాను. కొత్త రెజిన్ ప్యాడ్లు వేశాను, డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను, లివర్ పిన్ దగ్గర ఒక చుక్క లూబ్ వేశాను. సందులో రెండు రౌండ్లు తొక్కి చూశాను. కీచు పోయింది. బిల్లు రాసిచ్చాను.

ఆ రోజు నా కంట పడినా పట్టించుకోనిది ఒకటుంది. టాప్ ట్యూబ్ మీద, హ్యాండిల్‌కి కాస్త వెనకగా, పెయింటు మూడు చోట్ల బియ్యపు గింజంత ఉబ్బి ఉంది. గోటితో గీకితే పొరలా ఊడొచ్చింది. కారు డిక్కీ రాక్ మీద వేసినప్పుడు రాసుకుందేమో అనుకుని వదిలేశాను.

మార్చి నెలాఖర్లో మళ్ళీ వచ్చింది. ఈసారి కంప్లయింటు: తొక్కుతుంటే వెనక నుంచి స్ స్ స్ అని రాపిడి, ఇంటికొచ్చేసరికి కాళ్ళు పట్టేస్తున్నాయి. స్టాండుకెక్కించి చక్రం తిప్పితే డిస్కు ఒకచోట కొంచెం ఊగుతోంది. వెర్నియర్ పెడితే మందం 1.7 మిల్లీమీటర్లు. కొత్తది 1.8 ఉంటుంది, 1.5కి దిగితేనే మార్చాలి. అంటే మార్చేంత అరుగుదల లేదు, వంపు మాత్రం ఉంది. సరిచేసి ఇచ్చుంటే సరిపోయేది. "ఎందుకొచ్చిన గొడవ" అని కొత్త డిస్కే వేశాను, కాలిపర్ (ప్యాడ్లు, వాటిని నెట్టే పిస్టన్లు ఉండే భాగం) బోల్టులు వదులు చేసి మధ్యకు సర్ది మళ్ళీ బిగించాను.

అంతటితో ఊరుకోలేదు. కొంచెం పాఠం కూడా చెప్పాను.

"మాస్టారూ, మీరు ఘాట్ దిగేటప్పుడు వెనక బ్రేకు పట్టుకునే దిగుతున్నారు. అలా నొక్కి ఉంచితే వేడెక్కిపోతుంది. గట్టిగా పట్టాలి, వదలాలి, మళ్ళీ పట్టాలి."

ఆయనకి కోపం రాలేదు. బిల్లు పుస్తకం వెనక్కి తిప్పి లెక్క వేశారు. ఆయన, బండి, నీళ్ళు కలిపి దాదాపు 100 కిలోలు. 100 మీటర్ల ఎత్తు దిగితే సుమారు 98,000 జౌళ్ళు. అదంతా 130 గ్రాముల స్టీలు డిస్కులోకే పోయి బయటికి రాకపోతే వేడి 1,500 డిగ్రీలు దాటుతుంది. "అంటే కరిగిపోవాలి అబ్బాయ్. కరగట్లేదంటే గాలి కాపాడుతోందన్నమాట. నువ్వు చెప్పింది నిజమే, మధ్యమధ్యలో వదలాలి" అన్నారు.

నేను చెప్పింది నిజమే. ఆ బండి జబ్బు మాత్రం అది కాదు. దిగే పద్ధతి బాగోకపోతే దిగేటప్పుడే వేడెక్కాలి, కిందికొచ్చాక చల్లారాలి. ఆయనకి కరకట్ట మీద, చదును రోడ్డులో, అసలు బ్రేకే పట్టని చోట రాపిడి వస్తోంది. ఆ మాట ఆయన చెప్పారు కూడా. నేను నా పాఠం ధ్యాసలో ఉన్నాను.

కొండపల్లి రోజు

మే రెండో వారం, ఆదివారం. మా బ్యాచ్ తెల్లారుజామున 5 గంటలకి బెంజ్ సర్కిల్ దగ్గర కలిసి గొల్లపూడి, ఇబ్రహీంపట్నం మీదుగా వెళ్తుంది. పాతిక కిలోమీటర్ల లోపే. బొమ్మల కాలనీలో టీ తాగి కోట ఘాట్ ఎక్కుతాం. అడవిలోకి చీలే బాటల్లో అటవీ శాఖ వాళ్ళు వద్దన్నవి ముట్టుకోం, మిగతావి చాలు. ఎర్రమట్టి, గులకరాళ్ళు, వానాకాలం పడే గండ్లు. మౌంటెన్ బైక్ కొన్నందుకు విజయవాడ చుట్టుపక్కల న్యాయం జరిగేది ఇక్కడే.

ఆ రోజు ఎక్కేటప్పుడు మాస్టారు బాగానే ఉన్నారు. పైన బళ్ళు ఎండలో వదిలేసి కోట చూస్తూ గంటన్నర గడిపాం. కొత్తగా వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళకి రెడ్డిరాజుల కథ చెప్పడం ఆయన సరదా. దిగే వేళకి తొమ్మిదిన్నర. ఎక్కీ ఎక్కగానే "వెనక్కి ఎవరో లాగుతున్నట్టుంది" అన్నారు. రెండో మలుపులో వెనక చక్రం పూర్తిగా బిగిసింది. జారి పక్కకు పడ్డారు. మోచెయ్యి చీరుకుంది, అంతకుమించి ఏమీ కాలేదు. చక్రం ఎత్తి తిప్పబోతే కదల్లేదు. లివర్ రాయిలా ఉంది, నొక్కడానికి చోటే లేదు.

ఆ రోజు నేను బ్యాచ్‌తో లేను. ఉండుంటే కాలిపర్ మీద ఆయిల్ వదిలే నిపుల్ పావు తిప్పు వదిలితే చాలు, చక్రం తిరిగేది, ముందు బ్రేకుతో నెమ్మదిగా దింపుకొచ్చేవాళ్ళం. వాళ్ళకి ఆ సంగతి తెలియదు. బండిని భుజాల మీద కిందికి మోసి ట్రాలీ ఆటో ఎక్కించారు.

సాయంత్రం షాపులో దింపినప్పుడు చక్రం చక్కగా తిరుగుతోంది. లివర్ మామూలుగా ఉంది. మోచేతికి కట్టు కట్టుకుని నిలబడ్డ మాస్టారు నావైపు చూస్తున్నారు, నేను చక్రంవైపు. డాక్టరు ముందు కూర్చోగానే జ్వరం తగ్గిపోయిన పిల్లాడిలా ఉంది బండి.

"పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగుంది. పైన ఎండలో పెట్టాక పట్టేసింది. ఇప్పుడు చల్లారాక వదిలేసింది. వేడికి ఏదో వ్యాకోచిస్తోంది అబ్బాయ్, వెళ్ళే చోటు లేదు దానికి." రోగ నిర్ధారణ సగం ఆయనే చేసేశారు.

ఎండలో పరీక్ష

మర్నాడు సోమవారం షాపు సెలవు. అయినా తీశాను. పొద్దున నీడలో స్టాండుకెక్కించి ఒక్కో చక్రాన్ని ఒకే ఊపుతో తిప్పి లెక్కపెట్టాను. ముందుది 31 చుట్లు, వెనకది 18. వెనక హబ్బులో ఫ్రీహబ్ (తొక్కకపోయినా చక్రాన్ని తిరగనిచ్చే భాగం) ఉంటుంది కాబట్టి ఆ తేడా మామూలే. పన్నెండింటికి స్టాండును బయట ఎండలో పెట్టాను. మా పనికుర్రాడు చిన్నా గొడుగేసుకుని కాపలా. నలభై నిమిషాల తర్వాత లివర్ ముట్టుకుంటే చురుక్కుమంది. మళ్ళీ తిప్పాం. ముందుది 30. వెనకది ఒకటిన్నర చుట్టు తిరిగి ఆగింది.

మీట నొక్కలేదు, ఘాట్ దిగలేదు, మనిషి ఎక్కలేదు. ఒట్టి ఎండకే పట్టేసింది. మార్చిలో నేను చెప్పిన పాఠం అక్కడే వీగిపోయింది. ముందు బ్రేకు అదే కంపెనీ, అదే మోడల్, అదే ఎండలో ఉంది. దానికేమీ కాలేదు కాబట్టి డిజైన్‌ని అనడానికీ లేదు.

ఇక ఎక్కడ ఇరుక్కుందో తేలాలి. అనుమానాలు మూడు: కాలిపర్‌లో పిస్టన్లు బిగుసుకుపోవడం, హోస్ (ఆయిల్ గొట్టం) లోపల మూసుకుపోవడం, లివర్‌లో ఏదో అడ్డుపడటం. బండి చల్లారకముందే ఒక్కొక్కటీ విప్పాలి.

మొదట వెనక బ్రేకు లివర్ మీది బ్లీడ్ స్క్రూ తీశాను, 2.5 ఎలెన్ కీతో. రిజర్వాయర్ (లివర్‌లోని ఆయిల్ తొట్టె) తెరుచుకుంది. చక్రం కదల్లేదు. అంటే ఒత్తిడి రిజర్వాయర్‌లో లేదు. తర్వాత లివర్ దగ్గర హోస్ బిగించే నట్టు చుట్టూ గుడ్డ చుట్టి, 8వ నంబరు పానాతో పావు తిప్పు వదిలాను. చిన్న ఉస్సుమన్న చప్పుడు, గుడ్డ తడిసింది, చిన్నా "తిరుగుతోందన్నా!" అని అరిచాడు. చక్రం వదిలేసింది.

ఈ ఒక్క అడుగుతో రెండు అనుమానాలు తీరాయి. పిస్టన్లు కాలిపర్‌లోనే బిగుసుకుని ఉంటే పైన నట్టు వదిలినా చక్రం వదలదు. హోస్ మూసుకుపోయి ఉన్నా అంతే, కింది ఒత్తిడి పైకి రాదు. వచ్చిందంటే హోస్ బాగుంది. అడ్డు లివర్ లోపలే, సిలిండర్‌కీ రిజర్వాయర్‌కీ మధ్య ఉంది.

అక్కడ ఏముంటుందో రెండు ముక్కల్లో చెప్తాను. బ్రేకు వదిలినప్పుడు లివర్ పిస్టన్ పూర్తిగా వెనక్కి జరిగి, సిలిండర్ గోడలో ఉన్న సన్నటి రంధ్రాన్ని తెరుస్తుంది. వేడికి పెరిగిన ఆయిల్ దాని గుండా రిజర్వాయర్‌లోకి పోతుంది, ప్యాడ్లు అరిగితే రిజర్వాయర్ నుంచి దాని గుండానే కిందికి వస్తుంది. పిస్టన్ అరమిల్లీమీటరు ముందే ఆగిపోయినా ఆ రంధ్రం మూసే ఉంటుంది. అప్పుడు పెరిగిన ఆయిల్ ప్యాడ్లను డిస్కు మీదికి నెట్టడం తప్ప చేసేదేమీ లేదు. ప్యాడ్లు రాసుకుంటే వేడి, వేడికి ఇంకా పెరుగుదల, ఇంకా రాపిడి. లివర్ బద్ధకంగా వెనక్కొస్తోందని ఫిబ్రవరిలోనే మాస్టారు చెప్పింది దీని గురించే. నేను దాని మీద ఒక చుక్క లూబ్ వేసి పంపాను.

సాయంత్రం ఇది వివరిస్తే ఆయన మళ్ళీ బిల్లు పుస్తకం అడిగారు. లైనులో ఆయిల్ ఏడెనిమిది మిల్లీలీటర్లు ఉంటుందనుకుంటే, 30 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది ఆరో వంతు మిల్లీలీటరుకి అటూ ఇటూ. మూడు నాలుగు చుక్కలు. ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య ఉండేదే వెంట్రుకవాసి. ఆ మూడు చుక్కలకి చోటు లేకే మోచెయ్యి చీరుకుంది.

గ్లాసులో తేలనిది

పిస్టన్ ఎందుకు వెనక్కి రావట్లేదన్నది మిగిలింది. గుడ్డ వైపు చూశాను. షిమానో బ్రేకుల్లో పోసే మినరల్ ఆయిల్ ఎర్రగా, రోజ్ సిరప్ నీళ్ళలా ఉంటుంది. గుడ్డ మీది మరక పసుపుపచ్చ.

రెండు స్టీలు గ్లాసుల్లో నీళ్ళు పోయించాను. ఒకదాంట్లో సీసాలోంచి కొత్త షిమానో ఆయిల్ నాలుగు చుక్కలు వేస్తే నూనె బొట్లలా పైన తేలాయి. రెండోదాంట్లో సిరంజీతో లివర్‌లోంచి తీసింది వేశాను. తీగలు తీగలుగా కిందికి దిగి, పుల్లతో ఒకసారి తిప్పగానే నీళ్ళలో కలిసిపోయింది. పైన మాత్రం లేత గులాబీ రంగులో పలచటి పొర ఒకటి మిగిలింది, పాత ఆయిల్ తాలూకు ఆనవాలు.

నీళ్ళలో కలిసిందంటే అది మినరల్ ఆయిల్ కాదు. మోటార్ సైకిళ్ళకీ కార్లకీ వాడే డాట్ రకం బ్రేక్ ఆయిల్. అది గ్లైకాల్ ఈథర్ జాతి, గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పెయింటును తినేస్తుంది. టాప్ ట్యూబ్ మీది మూడు బియ్యపు గింజలు అప్పుడు గుర్తొచ్చాయి. లివర్‌లో పోసేటప్పుడు కారిన చుక్కలవి. ఫిబ్రవరిలోనే గోటితో గీకి చూశాను కదా, అని ఆ రాత్రంతా నన్ను నేను తిట్టుకున్నాను.

డాట్ ఆయిల్ చెడ్డదేమీ కాదు. దాని బ్రేకులో అది బాగా పనిచేస్తుంది. సైకిళ్ళలోనూ స్రామ్ కంపెనీ వాళ్ళ చాలా బ్రేకులకి డాట్ 5.1 వాడాల్సిందే, అదే కంపెనీ డీబీ8, మేవెన్ లాంటి వాటికి మాత్రం మినరల్ ఆయిల్. తేడా అంతా రబ్బరులో ఉంది. డాట్ బ్రేకుల సీళ్ళు (ఆయిల్ కారకుండా పిస్టన్ చుట్టూ ఉండే రింగులు) ఒక రకం రబ్బరు, మినరల్ ఆయిల్ బ్రేకులవి ఇంకో రకం. ఒకదాని ఆయిల్ ఇంకోదానికి పోస్తే సీలు ఉబ్బుతుంది. అప్పటికప్పుడు కాదు, కొంత సమయం పడుతుంది. అందుకే పోసినవాడికి ఆ రోజు అంతా బాగానే కనిపిస్తుంది.

"మాస్టారూ, ఈ బ్రేకు నాకంటే ముందు ఎవరైనా విప్పారా?"

ఈ ప్రశ్న ఫిబ్రవరిలో అడగాల్సింది. కొన్న షాపు నాది, సర్వీసింగ్ చేసేది నేను, మధ్యలో ఇంకెవరు వేలు పెడతారన్న ధీమా నాకు.

ఆయన ఆలోచించారు. "సంక్రాంతికి బండి కార్లో వేసుకుని మా ఊరు తీసుకెళ్ళాను. తెనాలి దగ్గర. అక్కడ లివర్ మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేస్తుంటే మోటార్ సైకిల్ మెకానిక్ కుర్రాడికి చూపించాను. కొంచెం బ్రేక్ ఆయిల్ పోసి గాలి తీశాడు. డబ్బులు కూడా తీసుకోలేదు. నువ్వు అడగలేదు, నాకూ గుర్తు లేదు."

సైకిల్‌కి ఆయిల్ బ్రేకేమిటని ఆ కుర్రాడు నవ్వాడట, నవ్వుతూనే శ్రద్ధగా చేశాడు. గాలి తీసిన పద్ధతిలో వంక పెట్టడానికి లేదు. సీసానే వేరు.

చేసింది

కడిగి కొత్త ఆయిల్ నింపితే చాలదా అని చిన్నా అడిగాడు. చాలదు. ఉబ్బిన సీలు మళ్ళీ పాత కొలతకొస్తుందన్న నమ్మకం లేదు, బ్రేకు విషయంలో నమ్మకం లేని పని చెయ్యకూడదు. లోపలి సీళ్ళు విడిగా కొందామంటే షిమానో అమ్మదు. కాబట్టి లివర్, హోస్, కాలిపర్ మొత్తం వెనక సెట్టు మార్చాం. హైదరాబాద్ నుంచి రావడానికి ఆరు రోజులు పట్టింది. పాత లైను విప్పేటప్పుడు ఆయిల్ కారి ప్యాడ్లు తడిశాయి, అవీ పారేశాను. డిస్కును ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచి అదే వాడాను. లివర్ చుట్టుపక్కల ఫ్రేమును సబ్బునీళ్ళతో కడిగాను, డాట్ ఆయిల్ నీళ్ళకి పోతుంది. ఆ రోజు వాడిన సిరంజీని షాపులో ఉంచలేదు. రేపు ఎవరి మినరల్ బ్రేకుకో అదే తగిలిస్తే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

ఫిబ్రవరి ప్యాడ్ల డబ్బు, మార్చి డిస్కు డబ్బు కొత్త బిల్లులో తీసేశాను. మాస్టారు వద్దన్నారు. నేను ఒప్పుకోలేదు. చివరికి డిస్కు డబ్బు వెనక్కి తీసుకుని, ప్యాడ్ల డబ్బు మాత్రం "వాడుకున్నాను కదా" అని ఇచ్చేశారు.

కుతూహలం కొద్దీ పాత లివర్ విప్పాను. పక్కన అదే మోడల్, కిందపడి విరిగిన ఇంకో లివర్ ఉంటే దాని పిస్టన్ కూడా తీసి పెట్టాను. బాగున్న సీలు అంచు పలచగా, పదునుగా ఉంది. మాస్టారిది రాత్రంతా నానబెట్టిన శనగలా ఉబ్బి, అంచు గుండ్రమై, వేలితో నొక్కితే మెత్తగా దిగుతోంది. వెర్నియర్ అవసరమే లేదు. అది సిలిండర్ గోడలను పట్టుకుని ఉంటే పిస్టన్‌ని స్ప్రింగ్ ఎంతని వెనక్కి నెడుతుంది? ఆ రెండు పిస్టన్లూ అగ్గిపెట్టెలో వేసుకుని మాస్టారు క్లాసుకి పట్టుకెళ్ళారు. ఇంకా తిరిగివ్వలేదు.

తర్వాత

కొత్త సెట్టు వేసిన మర్నాడే మళ్ళీ పన్నెండింటికి ఎండలో పెట్టాం. నీడలో వెనక చక్రం 19 చుట్లు, ఎండలో నలభై నిమిషాల తర్వాత 18. జూన్ మొదటి ఆదివారం మాస్టారు కొండపల్లి ఎక్కారు, ఈసారి నేనూ వెళ్ళాను. పైన బండి కావాలనే ఎండలో పెట్టారు. దిగేటప్పుడు బ్రేకు పట్టి వదులుతూ దిగారు, ప్రతి మలుపులో నావైపు చూస్తూ. మార్చి పాఠం అలా తిరిగొచ్చింది.

ముందు బ్రేకు కూడా మార్చాలా అని అడిగారు. తెనాలిలో దాన్ని ముట్టుకోలేదు, పైన స్క్రూ తీసి చూస్తే ఆయిల్ ఎర్రగానే ఉంది. వదిలేశాం.

ఆ తర్వాత బ్యాచ్ బళ్ళన్నీ ఒక్కొక్కటిగా చూశాను. ఒక కుర్రాడి బ్రేకులో ఇంకో వింత దొరికింది. వాళ్ళ అమ్మగారి కుట్టుమిషన్ నూనె పోసుకున్నాడట. అదీ మినరల్ ఆయిల్ జాతిదే కాబట్టి సీళ్ళు బతికిపోయాయి. ఎవరికీ అలా చెయ్యమని చెప్పను. తీసేసి సరైనది నింపాను. ఇప్పుడు షాపులోంచి వెళ్ళే ప్రతి హైడ్రాలిక్ బ్రేకు లివర్ కింద తెల్ల టేపు మీద ఏ ఆయిలో రాసి అంటిస్తున్నాం. చిన్నా దస్తూరీ బాగుంటుంది, వాడికే అప్పజెప్పాను. మార్కర్ మాత్రం మంచిది వాడాలి. మొదటి వానకే మూడు బళ్ళ మీద అక్షరాలు కారిపోయాయి.

సర్వీసింగ్ పుస్తకంలో కూడా ఒక గడి పెంచాం. బండి దింపగానే, కంప్లయింటు రాయకముందే, "బయట ఎవరైనా విప్పారా" అని అడిగి రాయాలి. చాలామంది ముందు లేదంటారు. గాలి కొట్టించారా, ఊళ్ళో ఎవరికైనా చూపించారా అని మార్చి అడిగితే అప్పుడు చెప్తారు.

మాస్టారి దగ్గర నంబరు తీసుకుని తెనాలి వైపు కుర్రాడికి ఫోన్ చేశాను. ముందు భయపడ్డాడు, డబ్బులడుగుతానేమోనని. మంచి కంపెనీ డాట్ 4 పోశానన్నా, మా బళ్ళన్నిటికీ అదే, అన్నాడు. నేను గ్లాసుల సంగతి చెప్పాను, వాడు శ్రద్ధగా విని ఆ ఎర్ర ఆయిల్ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. చిన్న సీసా ఒకటి బస్సు పార్సిల్‌లో పంపాను.

రెండు వారాల తర్వాత వాడే ఫోన్ చేశాడు. ఎవరో డిస్కు బ్రేకు సైకిల్ తెచ్చారట. "అన్నా, లివర్ మీద ఏమీ రాసిలేదు. ఏం పొయ్యమంటావు?" ఇంకా మూత తీయొద్దు, ముందు ఫోటో పంపమన్నాను.